మెరక మీది అమ్మ

తెనాలి, బాపట్ల, రేపల్లె. ఈ మూడు ఊళ్ల మధ్య ఎంత తిరిగినా కొండ కనపడదు. కాలవలు, వరిచేలు, సముద్రం వైపు పోతే ఉప్పు నేలలు, సరుగుడు తోటలు, ఈమధ్య కాలంలో రొయ్యల చెరువులు. అంతా బల్లపరుపు. కానీ అక్కడ పుట్టినవాడెవడూ ఆ నేల సమానంగా ఉందని అనడు. మా వైపు నేలకు రెండే పేర్లు: మెరక, పల్లం. అడుగున్నర తేడా ఉంటే చాలు, పేరు మారిపోయిద్ది. ఊరు మెరకన ఉంటది, పల్లె పల్లంలో ఉంటది. నాలుగు రోజులు ముసురు పడితే ఊళ్లో వీధులు తడుస్తాయి, పల్లెలో పొయ్యిలు తడుస్తాయి. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు ఆ కాస్త ఎత్తు విలువేమిటో సముద్రపు ఒడ్డు జనానికంతా తెలిసొచ్చింది. మాకు అంతకుముందే తెలుసు. కాబట్టి కొండ మీద గుడి గురించి, ఆ గుడిలో బొమ్మ గురించి రాయబోతే నేను ముందు మెరక గురించి చెప్పాల్సి వచ్చింది.

మన జిల్లాల్లో కొండ అంటే కొండ మీద దేవుడే. మంగళగిరి కొండ మీద పానకాలస్వామి, కోటప్పకొండ మీద త్రికోటేశ్వరుడు, బెజవాడ ఇంద్రకీలాద్రి మీద కనకదుర్గ. పెద్ద దేవుళ్ళంతా మెరకనే ఉన్నారు. మా పోలేరమ్మ చెట్టు కింద ఉంది, మా మాతమ్మ పల్లె చివర ఉంది. ఆ కొండల కింద తిరనాళ్ళలో డప్పు కొట్టింది మావాళ్ళు. మెట్లెక్కే భక్తులకు చెప్పులు కుట్టింది మావాళ్ళు. మేము మెట్లెక్కడానికి మాత్రం చట్టం కావాల్సి వచ్చింది. మద్రాసు రాష్ట్రంలో ఆలయ ప్రవేశ చట్టం 1947లో వచ్చింది. చట్టం వచ్చిన మర్నాడే మనుషులు మారరు గనక, అది కాగితం మీంచి మెట్ల మీదికి రావడానికి ఇంకెన్నేళ్ళు పట్టిందో ఊరూరికీ ఒక లెక్క ఉంది.

ఈ తేదీ పక్కన ఇంకో తేదీ పెట్టి చూడండి. 1924లో బెజవాడ పక్కన గుణదల కొండ మీద ఫాదర్ ఆర్లాటి అనే ఇటలీ గురువు మేరీమాత విగ్రహం పెట్టించాడు. ఆయన అక్కడ అనాథ పిల్లల ఆశ్రమం నడిపేవాడు. కొండవాలున రాతిగుహ, గుహలో తల్లి, కొండ కొమ్మున సిలువ. మొదట్లో ఉన్నది అంత చిన్న చోటు. తర్వాత కొండ కింద పెద్ద గుడి లేచింది, ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల ఉత్సవం లేచింది, లక్షల జనం లేచారు. 1924కీ 1947కీ మధ్య ఇరవైమూడేళ్ళు. ఆ ఇరవైమూడేళ్ళూ మాల మాదిగలు పైకెక్కి తల్లి ముందు నిలబడగలిగిన కొండ అది. చరిత్ర రాసేవాళ్ళు దీన్ని మిషనరీల గొప్పగా రాస్తారు, లేదా మతమార్పిడి ఎత్తుగడగా రాస్తారు. మా పల్లెలో మాత్రం దాన్ని ఎక్కనిచ్చిన కొండగా గుర్తు పెట్టుకున్నారు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. కథోలికుల్లో కులం లేదని నేననడం లేదు. పద్ధెనిమిదో శతాబ్దంలో జెసూట్ల కాలం నుంచే మన తెలుగునాట రెడ్లు, కమ్మలు ఆ మతంలో చేరారు. మతం మారింది, కులం వెంట వచ్చింది. గుళ్ళో వేరే వరసలు, వేరే సమాధుల దొడ్లు చూసిన ఊళ్ళు ఎన్నో ఉన్నాయి. మా ప్రొటెస్టెంట్లలో మాలల చర్చి, మాదిగల చర్చి అని విడిపోయిన పల్లెలు లేవా? ఉన్నాయి. కొండ ఎక్కనివ్వడం వేరు, కొండ మీద పక్కన కూర్చోనివ్వడం వేరు. అయినా మొదటిది దొరకనివాడికి రెండో దాని గురించి పోట్లాడే తావు కూడా ఉండదు.

మాది లూథరన్ ఇల్లు. తెనాలి, రేపల్లె వైపు లూథరన్లు, బాపట్ల వైపు బాప్టిస్టులు, అక్కడక్కడా రక్షణ సైన్యం. ఇదీ మా ప్రాంతపు లెక్క. మా పల్లె చర్చిలో బొమ్మల్లేవు. సున్నం కొట్టిన గోడ, దాని మీద నీలిరంగుతో రాసిన వాక్యం, క్రిస్మస్‌కు రంగు కాగితాల తోరణాలు, మట్టలాదివారం నాడు ఈతమట్టలు. అంతే మా కళ. అలాంటి ఇంట్లో పుట్టిన మాయమ్మ, 1979లో నాకు టైఫాయిడ్ వచ్చి బతుకుతానో లేదో తెలియనప్పుడు, గుణదలమాతకు మొక్కుకుంది. తగ్గినాక నన్ను తీసుకుని రేపల్లె ప్యాసింజరెక్కి, తెనాలిలో బండి మారి, బెజవాడ పోయి, అక్కణ్ణుంచి నడిచి కొండెక్కింది. నాకు గుండు చేయించింది, కొబ్బరికాయ కొట్టింది. ఈ రెండూ రోమునుంచి వచ్చినవి కావు. తలనీలాలు, కొబ్బరికాయ మనోళ్ళు కొండ మీదికి మోసుకుపోయినవి. తిరిగొచ్చేటప్పుడు ఒక పటం కొనుక్కొచ్చింది. చెక్క చట్రం, అద్దం, లోపల తెల్ల గౌను, నీలం నడికట్టు కట్టుకున్న తల్లి.

ఆ ఆదివారం మా అయ్యగారు ఇంటికొచ్చి కోప్పడ్డారు. "మన సంఘంలో ఉండి బొమ్మకు మొక్కొచ్చావా?" అన్నారు.

"బొమ్మకెవరు మొక్కారయ్యగారూ, బిడ్డను తీసుకుని కొండెక్కి వచ్చాను. మనల్ని ఏ కొండెక్కనిచ్చారు గనక!" అంది మాయమ్మ.

పెద్దయ్యాక చదువుకుంటే తెలిసింది, అయ్యగారి కోపానికి లూథర్ సాక్ష్యం కూడా లేదని. 1522లో విట్టెన్‌బర్గ్‌లో ఆయన తోటివాళ్ళే గుళ్ళో బొమ్మలు పగలగొట్టబోతే, లూథర్ దాక్కున్న చోటు నుంచి తిరిగొచ్చి వరసగా ప్రసంగాలు చేసి దాన్ని ఆపించాడు. బొమ్మకు మొక్కడం తప్పన్నాడు గానీ బొమ్మ ఉండడమే తప్పనలేదు. జర్మనీలో లూథరన్ గుళ్ళలో ఇప్పటికీ పటాలున్నాయి. మా చర్చి గోడ బోసిగా ఉండడానికి సిద్ధాంతం ఎంత కారణమో లేమి అంతకన్నా పెద్ద కారణం. కూలి డబ్బుల్లోంచి కానుక వేసేవాళ్ళ గుడికి చిత్రకారుణ్ణి ఎవరు పిలుస్తారు?

ఇక ఆ బొమ్మ సంగతి. మా ఉద్యమంలో చాలామంది మిత్రులు అడిగే ప్రశ్న న్యాయమైందే: "ఆ తెల్లతల్లి మనకేమవుద్ది? దొరసాని ముఖం, దొరసాని బట్టలు. మనల్ని అణిచినోళ్ళ దేవుళ్ళను వదిలి, మనల్ని ఏలినోళ్ళ దేవతను పట్టుకున్నాం." దీనికి జవాబు వెతుకుతూ నేను ఆ విగ్రహం పుట్టిన చోటిదాకా పోయాను, పుస్తకాల్లో.

గుణదల తల్లి లూర్దుమాత. ఫ్రాన్సులో లూర్దు అనే ఊళ్లో 1858 ఫిబ్రవరి 11న బెర్నదెత్ అనే పద్నాలుగేళ్ళ పిల్ల తనకు గుహలో ఒక అమ్మాయి కనిపించిందని చెప్పింది. అందుకే మన ఉత్సవం కూడా ఆ తేదీనే. ఆ పిల్ల ఎవరు? నాయన మరపట్టేవాడు, మర చేజారిపోయింది, ఇంటిల్లిపాదీ పాత జైలు గదిలో కాపురం. ఆ రోజు ఆ పిల్ల పొయ్యిలోకి పుల్లలు ఏరడానికి పోయింది. కనిపించినామె తనతో ఫ్రెంచిలో కాకుండా తమ ఊరి యాసలో మాట్లాడిందని చెప్పింది. తనంత పొట్టిగా, చిన్నపిల్లలా ఉందని చెప్పింది. ఊళ్లో పెద్దలు, పోలీసు అధికారి, గురువులు ఆ పిల్లను పిలిపించి మళ్ళీ మళ్ళీ ప్రశ్నలేశారు. చివరకు నమ్మారు. నమ్మినాక ఏం చేశారు? లియోన్ నగరం నుంచి ఫాబిష్ అనే పేరుమోసిన శిల్పిని పిలిచారు. ఆయన పాలరాతితో నిండు వయసు స్త్రీని, పొడుగ్గా, కులీనంగా చెక్కాడు. 1864లో గుహలో పెట్టారు. బెర్నదెత్ చూసి, బాగానే ఉంది గానీ ఆమె కాదు అన్నది.

ఆ మాట చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. లోకమంతా మొక్కుతున్న బొమ్మను చూసి, చూసిన పిల్లే ఆమె కాదు అంది. ఆ మాట ఎవరు విన్నారు? పుల్లలేరే పిల్ల చెప్పింది కావాలి, ఆ పిల్ల చెప్పినట్టు ఉండే ముఖం మాత్రం వద్దు. ఆ శిల్పం నమూనానే దేశదేశాలు తిరిగి మన కొండ మీదికి వచ్చింది. అంటే అది తెల్లోళ్ళ బొమ్మ అనేముందు, పెద్దోళ్ళ బొమ్మ. ముందు అక్కడి పేదపిల్ల చేతిలోంచి జారిపోయి, తర్వాత మన చేతికొచ్చింది. మనదీ బెర్నదెత్‌దీ ఒకటే ఫిర్యాదు.

అయితే ఫాబిష్ ఒక్కటి మార్చలేకపోయాడు. ఆ పిల్ల చెప్పినట్టే పాదాలకు చెప్పుల్లేవు, ఒక్కో పాదం మీద ఒక్కో గులాబి. మా పటంలోనూ అంతే. మాయమ్మ ఆ పటంలో ముఖాన్ని ఎప్పుడూ వర్ణించలేదు. ఆమె చూసింది పాదాలు. "చూడరా, ఆమెక్కూడా చెప్పుల్లేవు" అనేది. మా నాయన చెప్పులు కుట్టేవాడు. కిర్రుచెప్పులు కుట్టి ఊళ్లోవాళ్ళకు ఇచ్చేవాడు, ఊరి వీధిలో నడిచేటప్పుడు తన చెప్పులు చేత్తో పట్టుకుపోయేవాడు. అలాంటి ఇంటావిడ కంటికి చెప్పుల్లేని పాదాలు ఎలా కనపడతాయో ఏ కళావిమర్శకుడు చెప్పగలడు? చెక్కినోడు ఒకటి చెక్కాడు, మాయమ్మ ఇంకోటి చూసింది. బొమ్మ ఎవరిది అన్న ప్రశ్నకు చేసినోడి పేరు సగం జవాబే. మిగతా సగం చూసేవాళ్ళ దగ్గర ఉంది.

బొమ్మను దేశీయం చేస్తే సరిపోతుందని ఇంకో వాదం ఉంది. అదీ చూశాను. డోర్నకల్‌లో బిషప్ అజరయ్య కట్టించిన ఎపిఫనీ కెథీడ్రల్ 1939లో ప్రతిష్ఠ అయింది. 1912లో ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయన. తెల్లోళ్ళ గోపురాలు మనకెందుకని, మసీదు గుమ్మటాలూ దేవాలయపు స్తంభాలూ కలిపి కట్టించాడు. చూడముచ్చటగా ఉంటది, ఆయన ఆత్మగౌరవానికి దండం పెట్టాల్సిందే. కానీ ఆ సంఘంలో ఎక్కువమంది మాల మాదిగలు. వాళ్ళ తాతలు దేవాలయపు స్తంభాన్ని దూరంనుంచి చూసినవాళ్ళే గానీ ముట్టుకున్నవాళ్ళు కాదు. మనల్ని బయట నిలబెట్టిన మండపాన్ని తెచ్చి ఇదే మన దేశపు కళ అంటే, ఆ దేశంలో మనం ఎక్కడున్నాం? డప్పు దేశీయం కాదా? తోలుబొమ్మ దేశీయం కాదా? తోలు శుద్ధి చేసి, ఆకారం కోసి, రంగులద్ది, దీపం ముందు ఆడించే కళ పక్కనే ఉండగా, ఏ గుడి గోడ మీదా తోలుబొమ్మ ఏసుక్రీస్తు నాకు కనపడలేదు.

బొమ్మే లేని కొండ కూడా మనకు ఒకటుంది. ఒంగోలులో. 1854 జనవరి 1 తెల్లారుజామున అమెరికా బాప్టిస్టు మిషనరీ జ్యూయెట్, ఆయన భార్య, ముగ్గురు తెలుగు క్రైస్తవులు ఆ కొండెక్కి కింద ఉన్న ఊళ్ళ కోసం ప్రార్థన చేశారు. గుహ లేదు, విగ్రహం లేదు. పన్నెండేళ్ళ తర్వాత, 1866లో, క్లౌ దొర ఒంగోలు వచ్చాడు. అదే ఏడు తాళ్ళకొండపాడు మాదిగ యర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం తీసుకున్నాడు. తర్వాత 1876-78 కరువు. క్లౌ బకింగ్‌హామ్ కాలవలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని పల్లెల జనానికి కూలి ఇచ్చాడు. కూడు కోసం మతంలో కలిశారన్న మాట రాకూడదని కరువు పనులు నడిచినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశాడు. ఆపినా జనం ఆగలేదు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2222 మంది మునిగి లేచారు. వాళ్ళలో ఎక్కువమంది మాదిగలే. ఆ 2222 ముఖాల్లో ఒక్కటి కూడా ఏ గోడ మీదికీ ఎక్కలేదు. మన కొమ్మమూరు కాలవతో పెదగంజాం దగ్గర కలిసే ఆ బకింగ్‌హామ్ కాలవే వాళ్ళు గీసిన బొమ్మ. బొమ్మ ఉన్న కొండ మీద మన ముఖం లేదు, బొమ్మ లేని కొండ కింద మన పేరు లేదు. ఇదీ లెక్క.

ఇంతవరకూ గుళ్ళ గోడల సంగతి. ఇప్పుడు ఇంటి గోడ దగ్గరికి వస్తాను. అసలు ప్రశ్న అక్కడుంది.

1989లో నాకు బాపట్లలో కాలేజీ సీటు, హాస్టలు కావాల్సొచ్చి కుల ధ్రువీకరణ పత్రానికి అర్జీ పెట్టాం. విచారణకు ఒక అధికారి వస్తాడని కబురొచ్చింది. తెల్లారగట్ల మాయమ్మ పటం తీసి గుడ్డలో చుట్టి బియ్యం డబ్బాలో పెట్టింది. నా బైబిలు పక్కింటికి పోయింది. ఆ అధికారి వచ్చి గుమ్మంలోనే నిలబడి నాలుగు గోడలూ కలియజూశాడు. పదేళ్ళ పొయ్యి పొగకు గోడంతా నల్లబారింది, పటం ఉన్న చోట మాత్రం నలుపలకల తెల్లమచ్చ మిగిలింది. దాన్నే చూస్తూ, "ఇక్కడ ఏం పటముండేది?" అన్నాడు.

"మాయమ్మ పటం అయ్యగారూ" అంది మాయమ్మ.

ఆయన నవ్వాడో లేదో తెలియదు, రాసుకుని పోయాడు. పత్రం వచ్చింది. నాకు హాస్టలు వచ్చింది, బి.ఎ. అయింది. తర్వాత తెనాలిలో ప్రెస్సులో ప్రూఫులు దిద్దుకుంటూ బతికాను. ఆ పత్రంతో తిన్నది మూడేళ్ళ హాస్టలు అన్నం.

మాయమ్మ అబద్ధం చెప్పిందా? ఇన్నేళ్ళుగా నన్ను వదలని ప్రశ్న ఇదే. ఇది మా ఒక్క ఇంటి ప్రశ్న కాదని చదివేవాళ్ళలో చాలామందికి తెలుసు.

చట్టం ఇలా ఉంది. 1950 ఆగస్టు 10న వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందూమతంలో ఉన్నవాడే షెడ్యూల్డు కులస్తుడు. 1956లో సిక్కులను చేర్చారు, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులనూ ముస్లిములనూ చేర్చలేదు. మన రాష్ట్రంలో క్రైస్తవుడైన మాల మాదిగలు బి.సి.-సి, ఒక్క శాతం. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ మతం షరతు తీసేయమంది. 2022లో కేంద్రం బాలకృష్ణన్ కమిషన్ వేసింది. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని తీర్మానం చేసింది. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, ఒక పాస్టరు పెట్టిన కేసులో, క్రైస్తవం ఆచరించేవాడికి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వర్తించదని తీర్పు చెప్పింది.

గోడ మీద బొమ్మే సాక్ష్యమైన కేసు కూడా ఉంది. తమిళనాడులో ఒక డాక్టరమ్మ, ఎస్సీ, క్రైస్తవుణ్ణి పెళ్ళి చేసుకుంది. విచారణకు వచ్చిన అధికారులు ఆమె క్లినిక్‌లో గోడకు సిలువ వేలాడుతోందని చూసి ఆమె కుల పత్రం రద్దు చేశారు. 2021లో మద్రాసు హైకోర్టు ఆ రద్దును కొట్టేసింది, గోడ మీద సిలువ చూసి మనిషి మతం మారిందని తేల్చడం సంకుచితత్వమని అంది. ఆమెకు న్యాయం జరిగింది. కానీ గమనించండి, ఒక రోగికి ధైర్యం ఇచ్చే బొమ్మ ఒక అధికారికి దొంగసొత్తులాగా కనపడింది.

మా అయ్యగారు ఉంటే, ఇది పేతురు బొంకు అనేవారు. పెద్దయాజకుడి వాకిట్లో చలిమంట దగ్గర, ఆ మనిషెవరో నాకు తెలియదని మూడుసార్లు చెప్పాడు పేతురు, కోడి కూసేలోగా. నిజమే. కానీ ఆ బొంకినవాడినే బండ అన్నారు, ఆ బండ మీదనే సంఘం నిలిచిందని సువార్త చెబుతుంది. భయపడ్డ పేదవాణ్ణి యేసు సంఘంలోంచి వెలేయలేదు. ఆ వాకిలి ఎవరిదో, అక్కడ అడిగేవాళ్ళ చేతిలో ఏముందో ఆయనకు తెలుసు.

చదువుకునే పిల్లలు కాంట్ పేరు చెబుతారు. తలుపు తట్టి, నీ స్నేహితుడు లోపల ఉన్నాడా అని హంతకుడు అడిగినా అబద్ధం చెప్పకూడదని 1797లో రాశాడు ఆ జర్మనీ తత్వవేత్త. కాంట్ ఇంట్లో గోడ మీద ఉన్న ఒకే ఒక్క పటం రూసోదని అంటారు. ఆ పటం చూసి ఆయన జీతం ఆపడానికి ఎవరూ గుమ్మంలోకి రాలేదు. అడిగేవాడికి అడిగే హక్కు ఉన్నప్పుడే నిజం బాకీ అవుద్ది. నా ఆకలి తీరాలా వద్దా అన్నది నా గోడ మీద ఎవరున్నారన్న దాన్నిబట్టి తేల్చే హక్కు ఎవరికీ లేదు. ఆ ప్రశ్నే అబద్ధం మీద నిలబడింది: మతం మారితే కులం పోతుందన్న అబద్ధం. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపినవాళ్ళు ఎవడు ఏ గుడికి పోతాడని అడిగి చంపలేదు. ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని వచ్చినవాళ్ళు తెనాలిలో రక్షణ సైన్యం ఆవరణలో తలదాచుకున్నారు. ఊరు వెళ్ళగొట్టింది కులం చూసి. మెరక ఇచ్చింది చర్చి ఆవరణ. చట్టమేమో, ఆ ఆవరణ నీదంటే నీకు ఆ కులం లేదంటుంది.

కాబట్టి మాయమ్మ చెప్పింది అబద్ధమైతే, అది ఆమె ఖాతాలో వేయాల్సింది కాదు. అలాగని ఆ దాపరికానికి ఖరీదు లేదని చెప్పను. ఖరీదు ఉంది. అడుగుల చప్పుడైతే గోడ వైపు చూడడం నేర్చుకున్న పిల్లలు మేము. బడిలో ఒక పేరు, చర్చిలో ఒక పేరు. తల్లిదండ్రులను సమాధి చేసేటప్పుడు కూడా ఫొటో తీయొద్దని చెప్పుకునే ఇళ్ళు ఉన్నాయి. తన దేవుణ్ణి దాచుకునేవాడు, తన బాధనూ దాచుకోవడం నేర్చుకుంటాడు. పోరాటానికి అది పనికిరాదు.

అందుకని నేను చివరికి చేరుకున్న మాట ఇది. నిజం చెప్పే బాధ్యత అందరికీ ఒకే తూకంలో ఉండదు. పల్లంలో ఉన్నవాళ్ళను ప్రాణానికి తెగించి నిజం చెప్పమనడం నీతి కాదు. మెరకకు చేరినవాళ్ళు చెప్పాలి. ఆ పత్రంతో బాకీ లేనివాళ్ళు, విదేశీ నిధులతో మేడలు కట్టుకున్న సంఘాల పెద్దలు, బిషప్పులు, చట్టసభలకు పోయినవాళ్ళు, రాయడం వచ్చిన నాలాంటివాళ్ళు. బిషప్పులు చెప్పాల్సిన నిజాలు రెండున్నాయి: 1950 ఉత్తర్వు అన్యాయమన్నది ఒకటి, తమ గుళ్ళలోనే కులం ఉందన్నది రెండోది. రెండోది చెప్పకుండా మొదటిది అడిగితే, కులం లేని మతానికి కులం రాయితీలెందుకని ఎదుటివాడు అడుగుతాడు. ఆ ప్రశ్నకు వాళ్ళ దగ్గర జవాబుండదు, మన దగ్గర ఉంది.

ఉద్యమ మిత్రులకూ ఒక మాట. ఆ పటం తీసేసి అంబేడ్కర్ పటం పెట్టమంటారు. అంబేడ్కర్ పటం మా ఇంట్లో ఉంది, తల్లి పక్కనే. ఏ పటం పెట్టుకోవాలో మాయమ్మకు అధికారి చెప్పాడు, అయ్యగారు చెప్పారు, ఇక మనం కూడా చెబితే ముగ్గురిలో మూడోవాళ్ళమవుతాం. మనం ఇవ్వాల్సింది ఆమెకు అడిగే స్వేచ్ఛ. బెర్నదెత్ లాగా బొమ్మ ముందు నిలబడి, బాగానే ఉంది గానీ ఈమె కాదు, ఆమె ఇట్లా ఉంటది అని చెప్పే స్వేచ్ఛ. చెబితే వినేవాళ్ళుండాలి, గీసేవాళ్ళుండాలి. మన పిల్లల్లో బొమ్మలేసేవాళ్ళు ఉన్నారు. తోలుమీద వేస్తారో గోడమీద వేస్తారో వాళ్ళిష్టం. గుండ్లకమ్మలో మునిగి లేచిన ముఖాలు, కాలవ తవ్విన చేతులు, చెప్పులు చేత్తో పట్టుకుని ఊరి వీధి దాటిన మనుషులు, వీళ్ళలోంచే ఆ తల్లి ముఖం రావాలి.

గుణదల కొండ ఎక్కే మెట్ల మీద ఫిబ్రవరి పదకొండున ఇప్పటికీ మన పల్లెల ఆడవాళ్ళు చెప్పులు కింద వదిలి నడుస్తారు. అక్కడ చెప్పులు విడవడం భక్తి. మా ఊరి వీధిలో మా నాయన చెప్పులు విడిచింది భయం. చూసేవాడి కంటికి రెండూ ఒకటే, ఉత్త పాదాలే. ఎక్కడ భక్తో, ఎక్కడ భయమో ఆ పాదాలవాళ్ళను అడిగితేనే తెలుస్తుంది. అధికారి వచ్చి గోడ చూస్తే తెలియదు.